మా బొగ్గుబాయిల దిక్కు వస్తే
మాది మంచిర్యాల జిల్లా మందమర్రి అని చెప్తే హైదరాబాద్‌లో ఎవరైనా అడిగే మాట ఒకటే: "అక్కడ బొగ్గు తప్ప చూడ్డానికి ఏముంటుంది?" భద్రాచలం, వేములవాడ అంటే బ్యాగు సర్దుకునేవాళ్లు మంచిర్యాల అనగానే మొహం అదోలా పెడతారు. రైలు కిటికీలోంచి నల్లటి కుప్పలు, పొగ గొట్టాలు చూసి ఒక లెక్కకు వచ్చేస్తారు మరి.

మా దగ్గర చూడాల్సినవన్నీ ఒకే రాయికి సంబంధించినవని నా లెక్క. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అక్కణ్ణుంచి ఆ పని గోదావరి లోయ వెంబడి పైకి పాకి, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పడ్డ రోజుల్లో, అంటే 1920ల చివర్లో, బెల్లంపల్లి దాకా వచ్చింది. ఈ లోయంతా ఇసుకరాయి. దాని పొరల మధ్యలో పాతిక కోట్ల ఏళ్లు దాటిన బొగ్గు. కింద బాయి తవ్వినా, పైన గుట్ట మీద కోట కట్టినా చేతికి తగిలేది ఇసుకరాయే.

ఆ కోట గాంధారి ఖిల్లా. మందమర్రి దగ్గర బొక్కలగుట్ట ఊరు దాటి అడవిలోకి వెళ్లాలి. పేరు పెద్దది కదా అని గోల్కొండను ఊహించుకుని రాకండి, బురుజులు, మహళ్లు ఉండవు. గుట్టనే చెక్కి కోట చేసుకున్నారు. రాతిలోనే మెట్లు, రాతి మీదే భైరవుడు, హనుమంతుడు. ఆ చెక్కడాలు బాగా అరిగిపోయాయి. గోడ మీద బొటనవేలితో రుద్దితే ఇసుక రేణువులు రాలి వేలికి అంటుకుంటాయి. ఇంత మెత్తటి రాయి కాబట్టే చెక్కడం తేలికైంది, అంత తొందరగా అరగడమూ అందుకే. దాని మీద సుద్దతో, మేకులతో పేర్లు రాసుకునే ప్రేమికులకు ఈ సంగతి ఎవరు చెప్పాలో.

మా బాపు సపోర్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బాయిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. ఖిల్లాకు ఆయనతో వెళ్తే నడక సాగదు. ఎక్కడ రాయి ముందుకు వంగి నీడ పడినా, దాని కిందికి వెళ్లే ముందు చేతికర్రతో రెండు దెబ్బలు కొడతాడు. ఖంగుమంటే గట్టి రాయి, కూర్చోవచ్చు. డొల్ల చప్పుడు వస్తే, "జరుగు బిడ్డా, ఇది పొర విడిచింది" అంటాడు. బాయిలో షిఫ్టు మొదలయ్యేటప్పుడు పైకప్పును కొట్టి చూడటం వాళ్లకు అలవాటు, ప్రాణం దాని మీదే ఉంటుంది మరి. కోటలను గురించి ఏ గైడూ నాకు అంత పనికొచ్చే ముక్క చెప్పలేదు.

మాఘంలో వస్తే ఖిల్లా వేరేలా ఉంటుంది. నాయకపోడ్ గిరిజనుల గాంధారి మైసమ్మ జాతర అప్పుడే. మామూలు రోజుల్లో చీమ చిటుక్కుమన్నా వినపడే అడవి అప్పుడు డప్పులతో దద్దరిల్లుతుంది. మీకు చెక్కడాలు నెమ్మదిగా చూడాలనుంటే జాతర రోజులు వదిలేయండి, మనుషుల్ని చూడాలనుంటే తప్పక రండి.

గోదావరి వైపు వెళ్తే జైపూర్ మండలంలో శివ్వారం అభయారణ్యం. దాదాపు 30 చదరపు కిలోమీటర్లే గానీ అక్కడి ఎల్‌మడుగులో మొసళ్లు ఉంటాయి. చలికాలం పొద్దున ఎండ కాచుకోవడానికి బండల మీదికి వస్తాయి. ఓపిక లేనివాళ్లకు మాత్రం నీళ్లే కనిపిస్తాయి. పిల్లల్ని ఒడ్డు దాకా తీసుకెళ్లొద్దు. పులుల కోసమైతే కవ్వాల్ ఉంది, 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. పులి కనిపిస్తుందని నేనైతే హామీ ఇవ్వను, జింకలు గ్యారంటీ.

గోదావరి దాటితే పెద్దపల్లి జిల్లాలో రామగిరి ఖిల్లా. ఇది నిజంగా కోట, ద్వారాలు, గోడలు, ఎక్కీ ఎక్కీ మోకాళ్లు పట్టేసే గుట్ట. వనమూలికలకు ఈ గుట్ట పెట్టింది పేరు. చుట్టుపక్కలంతా సింగరేణి ఊళ్లే.

నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని అంచున ఒకసారి నిలబడితే మనిషి ఎంత తవ్వగలడో తెలుస్తుంది. లోపల డంపర్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి, పక్కన, బొగ్గు మీద నుంచి తవ్విపోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి కొత్త గుట్టలై నిలబడి ఉంటుంది. అందంగా ఉందని అనలేను. ఆ జాగాలో ఊళ్లు ఉండేవి, వాటి పేర్లు బస్సు కండక్టర్ల నోట ఇంకా వినిపిస్తాయి. అయినా చూడాలి. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. 2022 చివర్లో ఆర్టీసీ, సింగరేణి కలిసి సింగరేణి దర్శన్ అని టూర్ మొదలుపెట్టాయి, ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కుని బయల్దేరండి.

ఇక మా లోయలో దొరికినా మా దగ్గర లేనిది డైనోసార్. యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ జురాసిక్ కాలపు ఎముకలకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. మంచిర్యాలలో ఏముంది అని అడిగేవాళ్లు టికెట్ కొని మరీ చూసి వచ్చేది మా దిక్కు నుంచి వెళ్లిన దాన్నే!

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరు పిలిచినా రాకండి, నేను పిలిచినా సరే. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మంచిర్యాల స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే పొద్దున్నే ఎల్‌మడుగు, మధ్యాహ్నం గాంధారి ఖిల్లా అయిపోతాయి. గుట్ట మీద దుకాణాలు ఉండవు, నీళ్లు, తిండి మంచిర్యాలలోనే కట్టించుకోండి. రామగిరికి వేరే రోజు పెట్టుకోండి, అది తొందర మీద ఎక్కే గుట్ట కాదు.