మూసేసిన కమానులు

నిన్న యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీకి వెళ్ళాను. ఇప్పుడక్కడ ఊరు లేదు. గడ్డి కింద ఇళ్ల పునాదుల గట్లు, పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి, పక్కనే చిన్న చెరువు.

ఆ చర్చి గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. జనం పెరిగిన కాలంలో ఇరుపక్కలా వసారాలు కట్టి దాన్ని పెద్దది చేశారు. జనం తగ్గాక ఆ వసారాలను పడగొట్టి, కమానులను రాళ్లతో మూసేశారు. మూసిన ఆనవాళ్లు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఏ జనాభా లెక్కల పట్టికా నన్ను ఇంతగా కదిలించలేదు.

1348-49 ప్లేగు ఇంగ్లండులో కనీసం మూడో వంతు జనాన్ని తీసుకుపోయింది. మిగిలినవాళ్ల రెక్కల కష్టానికి విలువ పెరిగింది. వెంటనే, ప్లేగుకు ముందున్న కూలికే పనిచేయాలంటూ 1351లో చట్టం తెచ్చారు! అది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అయినా కూలి రేట్లు ఆగలేదు. సాగు గిట్టుబాటు కాక, ఉన్నిలో లాభం చూసుకుని భూస్వాములు పొలాలను గొర్రెల మేతకు వదిలారు. ప్లేగును తట్టుకున్న ఈ ఊళ్లో చివరి కుటుంబాలను 1500 ప్రాంతంలో ఖాళీ చేయించారు.

వాళ్లు మూటలు సర్దుకుని ఏ దారిన వెళ్ళారో. నేను దిగి వచ్చిన ఆ పల్లపు బాటేనేమో.