క్యూ 67.5 తీయించడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం మేనల్లుడి వైద్యానికి పెట్టిన ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బులు మా బావగారి అకౌంట్‌లో పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను విజయవాడలో మెడికల్ కోడర్‌ని. అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, డాక్టరు రాసిన జబ్బుకు సరైన కోడ్ వేయడం నా పని. సర్టిఫికేషన్ మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాను, ఆడిట్‌లో నా ఫైళ్ళ జోలికి ఎవరూ రారు. అలాంటిది నా సొంత మేనల్లుడి కాగితాల మీదే తప్పు కోడ్ పడింది, క్యూ 67.5 అని.

పిల్లాడికి 14 నెలలు. మా చెల్లెలిది గుంటూరు బ్రాడీపేట. వాడికి నలుగు పెట్టి నీళ్ళు పోసే ఆవిడే ముందు కనిపెట్టింది, వెన్ను ఒక పక్కకి పోతోందని. ఎక్స్‌రేలో ఛాతీ దగ్గర వెన్ను ఎడమకి వంగి ఉంది, వంపు ఎంతో చెప్పే కొలత, కాబ్ కోణం, 34 డిగ్రీలు. ఈ వయసులో వచ్చే వంపులు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ఏది సర్దుకుంటుందో, ఏది ముదురుతుందో అంచనా వేయడానికి వంపు దగ్గర రెండు వైపులా పక్కటెముకల కోణాల్లో తేడా చూస్తారు. మిన్ మెహతా అనే డాక్టరమ్మ 1972లో చెప్పిన లెక్క అది. తేడా 20 డిగ్రీలు దాటితే ముదిరే అవకాశం ఎక్కువ. మావాడిది దాటింది. ఎమ్మారైలో ఏమీ లేదు. విజయవాడలో మత్తిచ్చి ఒంటికి సిమెంట్ కట్టు వేశారు. వైద్యానికి వంక పెట్టను.

క్యాష్‌లెస్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే ఏర్పాటు, మాత్రం రిజెక్ట్ అయింది. పుట్టుకతో వచ్చిన, బయటికి కనిపించే లోపం కాబట్టి పాలసీ వర్తించదట. క్యాష్‌లెస్‌కి ముందుగా అనుమతి అడుగుతూ ఆసుపత్రి పంపే ప్రీ-ఆథ్ ఫారం తిరగేస్తే కోడ్ గడిలో క్యూ 67.5 అని ఉంది.

జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో క్యూ (Q) అక్షరంతో మొదలయ్యేవన్నీ పుట్టుకతో వచ్చిన లోపాలు. క్యూ 67.5 అంటే పుట్టుకతోనే ఉన్న వెన్ను వంకర. వెన్నుపూసలే సరిగా ఏర్పడక వంగితే క్యూ 76.3. ఎముకలన్నీ బాగానే ఉండి, కారణం తెలియకుండా మూడేళ్ళలోపు వంపు తేలితే అది ఇన్‌ఫాంటైల్ ఇడియోపతిక్ స్కోలియోసిస్, ఎం 41.0. ఎముకలు, కండరాల అధ్యాయంలో ఉంటుంది. క్యూ 67.5 కిందే అచ్చు వేసి ఉంటుంది, ఇన్‌ఫాంటైల్ ఇడియోపతిక్ ఇందులోకి రాదు, ఎం 41.0 చూడండి అని. ఆ ఒక్క లైను చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌లో కుర్రాడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే విన్నాడు. "ఏడాది పిల్లాడికి వచ్చిందంటే పుట్టుకతో వచ్చినట్టే కదా సార్" అన్నాడు. కాదయ్యా, పుట్టినప్పుడు వెన్ను తిన్నగానే ఉంది, ఎమ్మారై రిపోర్టు చూడు అన్నాను. "మీరు డాక్టరా?" కోడర్‌ని అన్నాను. "అమెరికా కోడింగ్ అమెరికాలో చేసుకోండి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఏది చూపిస్తే అదే." నిజమే, వాడు స్కోలియోసిస్ అని కొట్టి, పైన వచ్చినదాన్ని నొక్కేశాడు. రికార్డ్స్ సెక్షన్‌కి పొమ్మన్నారు. అక్కడ తాళం. కాసేపాగి మళ్ళీ కౌంటర్‌కి వస్తే, వెనక వరసలో ఉన్నవాళ్ళంతా వినేలా లోపలికి కేకేశాడు: "సార్, వీళ్ళు క్లెయిమ్ కోసం కోడ్ మార్పించుకోడానికొచ్చారు!"

జనం అంతా నన్ను దొంగని చూసినట్టు చూశారు. చెల్లెలు పక్కనే నిలబడి ఉంది, చంకలో కట్టుతో పిల్లాడు, ఆ కట్టు అంచు చెల్లెలి చేతి మీద ఎర్రగా గీతలు పెట్టేసింది. "అన్నయ్యా, పోనీలే, డబ్బులు మనమే కట్టుకుందాం" అంది. తప్పుడు కోడ్ వేస్తే అమెరికాలో డబ్బు వెనక్కి లాగుతారు, మా ఉద్యోగాలు పోతాయి. ఇక్కడ తప్పు వేసినవాడు కుర్చీలో ఉంటాడు, సరిచేయమన్నవాడు దొంగవుతాడు.

అసలు మంట డబ్బు గురించి కాదు. రిజెక్షన్ లెటర్‌లో 'పుట్టుకతో' అన్న మాట చెల్లెలి అత్తగారి చెవిన పడింది. ఇంకేముంది, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయట తిరిగిందని మొదలుపెట్టారు. ఎవరో చూడకుండా నొక్కిన ఒక కోడ్‌తో మా చెల్లెలు ఇంట్లో ముద్దాయి అయి కూర్చుంది.

ఇంటికొచ్చి మా ఆఫీసు పద్ధతిలోనే డాక్టరుగారికి ఒక కాగితం రాశాను. మా పనిలో దాన్ని క్వెరీ అంటారు. జవాబు మనమే అందించకూడదు. ఫలానా కోడ్ రాయండి అని అడిగితే అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. ఎక్స్‌రే, ఎమ్మారైలో ఉన్నవి రాసి, వెన్నుపూసల నిర్మాణంలో లోపం ఉందా, లేదా, మీ రోగనిర్ధారణ ఏమిటో స్పష్టంగా రాయగలరా అని మాత్రమే అడిగాను. కౌంటర్ జోలికి పోకుండా నేరుగా ఓపీలో టోకెన్ తీసుకున్నాను. ఆయన చదివి, "క్యూ అని ఎవరు వేశారు?" అని నర్సుని అడిగి, అక్కడే పెన్ను తీశారు. వెన్నుపూసలు మామూలుగా ఉన్నాయి, పుట్టుకలోపం లేదు, ఇన్‌ఫాంటైల్ ఇడియోపతిక్ స్కోలియోసిస్, ఛాతీ భాగం, ఎడమ వైపు. సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర. ఆ కాగితం ఫొటోస్టాట్ ముందు అత్తగారికిచ్చాను, తర్వాతే ఇన్సూరెన్స్‌వాళ్ళకి.

డిశ్చార్జ్ సమ్మరీ మారింది, మనం కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్‌కి ఆసుపత్రి నింపే పార్ట్-బి ఫారంలో ఎం 41.0 పడింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి (గ్రీవెన్స్ సెల్) మెయిల్ పెట్టాను. 30 రోజుల్లో తేల్చకపోతే కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని చివర్లో రాశాను, ఆ లైను తప్పకుండా రాయండి. ఒకవేళ మీ పిల్లలకి నిజంగానే క్యూ కోడ్ పడినా వెంటనే చేతులెత్తేయకండి. శరీరం లోపలి పుట్టుకలోపాలకు పాలసీ వర్తించదని మినహాయింపు పెట్టడానికి వీల్లేదని, ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. అందుకే లెటర్‌లో 'బయటికి కనిపించే' అని ప్రత్యేకంగా ఇరికిస్తారు. ప్రీ-ఆథ్ ఫారం మీద సంతకం పెట్టేముందు కోడ్ గడి చూడండి, కౌంటర్‌లో వాడు ఎంత విసుక్కున్నా సరే.

పడిన డబ్బులో గ్లవ్స్, దూది, ఇంకేవో కోసుకున్నారు. కట్టు లోపల వేసే మెత్తటి బనీను కూడా వైద్యం కాదట. దాని మీద ఇంకో మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.