కిందికి దిగుతున్న గీత, నా రిపోర్టు

జూనియర్ కళాశాలలో ఎకనామిక్స్ బోధించే నాకు గ్రాఫు కనబడితే గీత ఎటు పోతోందో చూడడం అలవాటు. చెన్నై, బెంగళూరులలో క్యాన్సర్ కేసులు నమోదుచేసే రిజిస్ట్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రేటు దశాబ్దాలుగా తగ్గుతోందనీ, రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటిపోయిందనీ చదివి, ఇది మనల్ని వదిలిపోతున్న జబ్బేనని చాలాకాలం అనుకున్నాను. మా పెద్దమ్మ రేడియేషన్‌కు తోడుగా హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లిన రోజుల్లో ఆ ధీమా సడలింది.

లెక్కలు మళ్లీ చదివాను. రేటు తగ్గినా, 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది మరణించారనీ ప్రపంచ క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ అంచనా. ఆ తగ్గుదలకు నిపుణులు చెప్పే కారణాలు ఆలస్యపు పెళ్లిళ్లు, తక్కువ కాన్పులు, మెరుగైన పరిశుభ్రత; ఈ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షల చలవ అనడానికి వీల్లేదు, ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. 42 ఏళ్లు వచ్చినా నేనూ చేయించుకోలేదు.

చివరికి వెళ్తే, పరీక్షకు ఐదు నిమిషాలు పట్టలేదు. నొప్పి కంటే బిడియమే ఎక్కువ. నమూనా చాలలేదని ల్యాబు వాళ్లు రెండు వారాల తరవాత తీరిగ్గా చెబితే మళ్లీ వెళ్లాను. ఈసారి హెచ్‌పీవీ 16 పాజిటివ్ అని వచ్చింది, అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌లో 16వ రకం. ఈ వైరస్ సోకినవారిలో చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుందనీ, పోకుండా ఉండిపోతే క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుందనీ, 16, 18 రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణమనీ డాక్టరుగారు బొమ్మ గీసి వివరించారు. ముఖద్వారాన్ని భూతద్దంలాంటి పరికరంతో చూసే కాల్పోస్కోపీలో ఆసిటిక్ ఆమ్లం పూయగానే ఒకచోట తెల్లబడింది. అక్కడి చిన్న ముక్కను బయాప్సీకి పంపారు. సీఐఎన్ 2 అన్నారు, అంటే ఇంకా క్యాన్సర్ కాదు, పట్టించుకోకపోతే కావచ్చు.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. "గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది కదమ్మా" అన్నారు మా అత్తగారు. ఆ ఆపరేషన్లలో రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి కాబట్టి ఆవిడ మాట నాకు వింతగా తోచలేదు; నిజానికి ఒక రాత్రంతా నాకూ అదే సబబనిపించింది. మచ్చ ఉన్న పొర తీస్తే సరిపోయేదానికి గర్భసంచి ఎందుకని డాక్టరుగారు ఒప్పుకోలేదు. అక్కడికే మత్తిచ్చి, వేడి తీగతో ఆ పొరను తీసే లీప్ అనే చికిత్స చేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను.

ఆరు నెలలకు చేసిన పరీక్ష నెగటివ్ వచ్చింది; అయినా ఇకముందూ పరీక్షలు మానకూడదన్నారు. 13 ఏళ్ల మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా మొదటి డోసు వేయించాను, ఆరు నెలలకు రెండోది. మా ఆడపడుచు మాత్రం పరీక్ష మాటెత్తితే "చూద్దాంలే వదినా" అంటూనే ఉంది.