పాల క్యాన్లలో దాచిన వార్సా

స్కూల్లో యూదుల గురించి నేను చదువుకున్నది ఒక్క హిట్లర్ పాఠంలోనే. పేరు వచ్చిన పేజీలోనే వాళ్లను చంపేస్తారు, పాఠం అయిపోతుంది. అంతకుముందు వాళ్లు ఏం తిన్నారో, ఏ భాషలో పోట్లాడుకున్నారో, ఏ పార్టీకి ఓటేశారో ఏమీ తెలియదు. సాలో బారన్ అనే చరిత్రకారుడు 1928లోనే, అంటే హిట్లర్ ఇంకా అధికారంలోకి రాకముందే, యూదుల చరిత్రను కన్నీళ్ల కథగా రాయడాన్ని తప్పుబట్టాడు. తర్వాత ఆయన అమ్మానాన్నల్నీ ఒక తోబుట్టువునీ నాజీలు చంపేశారు. అయినా ఆ మాట మీద నుంచి ఆయన జరగలేదు.

ఆ మాట నాకు నిజంగా తలకెక్కింది మాత్రం ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ గురించి చదివాకే. పోలండ్ రాజధాని వార్సాలోని యూదుల పాత చరిత్ర మీద పీహెచ్‌డీ చేసిన మనిషి. 1940 నవంబర్‌లో నాజీలు నాలుగు లక్షలకు పైగా యూదుల్ని అక్కడి ఘెట్టోలో, అంటే వాళ్ల కోసం గోడ కట్టి వేరుచేసిన పేటలో, కుక్కి గేట్లు మూసేశాక, ఆయన పదుల మందిని కూడగట్టి రహస్యంగా ఒక ఆర్కైవ్ మొదలుపెట్టాడు. యూదుల విశ్రాంతి రోజైన సబ్బాతు నాడు, అంటే శనివారాలు కలిసేవాళ్లు కాబట్టి దానికి ఓయ్నెగ్ షాబెస్, అంటే సబ్బాతు ఆనందం అని పేరు. ఏం పోగేశారో చూడండి: ట్రామ్ టికెట్లు, రేషన్ కార్డులు, చాక్లెట్ కాగితాలు, కచేరీల ఆహ్వానాలు, బడిపిల్లల వ్యాసాలు. గోడ దాటించి తిండి ఎలా తెస్తున్నారో, ఆడవాళ్లు ఇల్లు ఎలా నెట్టుకొస్తున్నారో విడిగా రాయించారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది, తమవాళ్ల తప్పులు కూడా దాచకపోవడం. ఘెట్టోలో యూదు పోలీసులు తిన్న లంచాలు, చేసిన దాష్టీకం అన్నీ ఎక్కించారు. ఎప్పటిది అప్పుడే రాయాలి, తర్వాత గుర్తుచేసుకుని రాస్తే మారిపోతుందన్నది రింగెల్‌బ్లూమ్ పట్టుదల.

1942 వేసవిలో ఘెట్టో జనాన్ని ట్రెబ్లింకా అనే నాజీ హత్యా శిబిరానికి తరలించే రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టులో ఆర్కైవ్ కాగితాలు నింపిన పది రేకు పెట్టెల్ని నొవోలిప్కి వీధిలో ఒక బడి కింద పాతిపెట్టారు, 1943లో రెండు పాల క్యాన్లని. రింగెల్‌బ్లూమ్‌నీ భార్యనీ కొడుకునీ 1944 మార్చిలో కాల్చేశారు. ఆ బృందంలో బతికి బయటపడింది ముగ్గురే. పెట్టెలు 1946లో దొరికాయి, నీళ్లు దిగి కాగితాలు చాలా పాడయ్యాయి. క్యాన్లు 1950లో దొరికాయి. అన్నీ కలిపి 35 వేల పేజీల దాకా ఉన్నాయి.

పెట్టెలు పాతిపెట్టిన వాళ్లలో ఇజ్రాయెల్ లిఖ్టెన్‌స్టైన్ అనే టీచర్ ఒకడు. వాటితో పాటు తన వీలునామా కూడా పెట్టాడు. కృతజ్ఞతలు వద్దు, పొగడ్తలు వద్దు, గుర్తుంచుకుంటే చాలు అన్నాడు. భార్య గెలా చిత్రకారిణి, ఆమెనీ గుర్తుంచుకోమన్నాడు. ఇక కూతురు మార్గలిత్. ఆ రోజుకి తనకి 20 నెలలు. తొమ్మిదో నెలకే మాటలొచ్చాయని, అక్కడి యూదుల భాష యిడ్డిష్ చక్కగా మాట్లాడుతుందని, తెలివిలో మూడు నాలుగేళ్ల పిల్లలతో సమానమని రాశాడు.