మూడు చోట్ల ఒకే వరస

ఈ రోజు ఆఫీసులో పెద్ద హడావిడి లేదు. జావాస్క్రిప్ట్ భాషలో రాసిన పాత కోడ్ ఫైలు తెరిస్తే మూడు చోట్ల ఒకే వరస కనిపించింది: యూజర్ వివరాలు తెప్పించు, ఆర్డర్లు తెప్పించు, బిల్లు లెక్కగట్టు, మెయిల్ పంపు. అన్నీ అవేయిట్ (ఆ పని తేలేదాకా ఆగమని చెప్పే మాట) కింద అవేయిట్. ఒక చోట మాత్రం మెయిల్ బదులు పీడీఎఫ్. ఎవరో కాపీ కొట్టి అతికించారని చూడగానే తెలుస్తోంది.

ఒక స్టెప్పు ఫలితాన్ని తర్వాతి స్టెప్పుకి అందిస్తూ వరసగా నడిపే, పైప్ అని చిన్న ఫంక్షన్ (పేరు పెట్టి వాడుకునే కోడ్ ముక్క) రాశాను. ఇచ్చిన ఫంక్షన్లన్నిటినీ రెడ్యూస్‌లో (జాబితాలోవాటిని ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయేది) పెట్టి, ప్రామిస్ డాట్ రిజాల్వ్‌తో (ప్రామిస్ అంటే తర్వాత అందే ఫలితానికి ఇచ్చే టోకెన్ లాంటిది) మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ దెన్‌తో (‘అది అయ్యాక ఇది’ అనే లింకు) తగిలించడమే దాని పని. లోపలి ఫంక్షన్ ప్రామిస్ ఇస్తే దెన్ అది తేలేదాకా ఆగుతుంది, మామూలు విలువ ఇస్తే అలాగే ముందుకు పంపేస్తుంది. అందుకే బిల్లు లెక్కలాంటి, ఫలితం కోసం ఆగనక్కర్లేని (అసింక్ కాని) ఫంక్షన్ మధ్యలో ఉన్నా పేచీ లేదు. పైప్‌ని పిలిస్తే పని వెంటనే మొదలవదు, చేతికి ఇంకో ఫంక్షన్ వస్తుంది. దాన్ని పేరు పెట్టి దాచుకుని ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోవచ్చు. మూడు చోట్లా ఇప్పుడు తేడా చివరి స్టెప్పులోనే.

నాకు బాగా నచ్చింది రీట్రై (ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించడం) సంగతి. ఆర్డర్ల సర్వర్ అప్పుడప్పుడూ మొరాయిస్తుంది కాబట్టి ఆ ఒక్క ఫంక్షన్‌నే రీట్రైలో చుట్టాను. మొత్తం వరసని చుట్టి ఉంటే, మెయిల్ వెళ్లాక జవాబు అందక ఎర్రర్ వచ్చినప్పుడు కస్టమర్‌కి అదే బిల్లు రెండోసారి పోయేది. మధ్యలో ఏ స్టెప్పు ఫెయిలైనా మిగతావి వాటంతటవే ఆగిపోతాయి, చివర ఎర్రర్‌ని పట్టుకునే ఒక్క క్యాచ్ చాలు.

టీ టైములో కొత్తగా చేరిన అమ్మాయి కోడ్ చూసి, "అన్నా, మెయిల్ స్టెప్పుకి యూజర్ పేరు కావాలి కదా, అది మొదటి స్టెప్పులోనే ఉండిపోయిందిగా?" అంది. మంచి ప్రశ్న. పైప్‌లో ప్రతి ఫంక్షన్‌కీ ముందుదాని ఫలితం తప్ప ఇంకేమీ అందదు. అందుకే ఒక ఆబ్జెక్ట్‌ని (వివరాలు పేర్లతో దాచుకునే డబ్బా లాంటిది) చేతులు మారుస్తూ, ప్రతి స్టెప్పూ తన ఫలితాన్ని అందులో కలిపి పంపేలా మార్చాం. అదీ హద్దులో ఉంటేనే. ఆబ్జెక్ట్‌లో ఎవరేం పెట్టారో వెతుక్కోవాల్సి వస్తే, వరసగా అవేయిట్లు రాసిన మామూలు ఫంక్షనే నయం. పైప్ మోజులో దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు చిరాకు.

ఇదే పనికి భాషలోనే పైప్ గుర్తు తేవాలన్న ప్రతిపాదన 2021లో ఆమోదం దారిలో రెండో దశకు చేరింది. ఈలోగా నా నాలుగు లైన్లతో పని నడుస్తుంది. పీడీఎఫ్ స్టెప్పుకి టెస్టులు మాత్రం రేపు రాయాలి.