బోర్డు మీద 412

మా ఫ్యాక్టరీ గేటు దాటగానే పెద్ద పచ్చ బోర్డు ఉండేది. ‘ప్రమాదం జరగని రోజులు: 412’. అంకె రోజూ పొద్దున్నే సెక్యూరిటీ కుర్రాడు మార్చేవాడు. ఆ లెక్క 409 దగ్గరే తప్పిందని నాకు తెలుసు.

ఆ రోజు కాస్టిక్ సోడా, అంటే ఒంటిని కాల్చే క్షారం, పారే లైన్‌లో పైపుల అతుకు మధ్య గ్యాస్కెట్ కారి హెల్పర్ ముంజేతి మీద పడింది. టెక్కలి వైపు కుర్రాడు, కాంట్రాక్టు మీద వచ్చాడు. కాస్టిక్ పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోయాలి. వీడు తాగే నీళ్ల సీసాతో కడుక్కుని చొక్కా చేతులు దించేసుకున్నాడు. “పక్కనే సేఫ్టీ షవరుంటే బుద్ధి లేదట్రా” అని తిడుతూనే సాయంత్రం గాజువాకలో ప్రైవేటు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. “ఎవరికీ సెప్పకన్నా, గేటు పాసు లాగేస్తారు” అన్నాడు.

పాసు ఒక్కటే కాదు. ఏడాదంతా బోర్డు సున్నాకి పడకపోతే మార్చి 4న, సేఫ్టీ డే నాడు, అందరికీ స్టీలు క్యారేజీ ఇస్తారు. వీడి చెయ్యి కాలిందని తెలిస్తే మూడొందల మంది క్యారేజీలు గల్లంతు. ఇంకెవడు నోరు విప్పుతాడు?

నేను ఫిట్టర్ని, అప్పటికి ఆరు నెలలుగా సేఫ్టీ కమిటీలో ఉన్నాను. ప్రమాదకర రసాయనాలు వాడే చోట కార్మికులూ మేనేజ్‌మెంటూ సమాన సంఖ్యలో కూర్చునే కమిటీ ఉండాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టం 41జి సెక్షన్ చెప్పేది. భోపాల్ తర్వాత 1987 సవరణలో వచ్చింది. మా దగ్గర అది చాలాకాలం ఫైల్లోనే పడుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో స్టైరిన్ విషవాయువు లీకై 12 మంది పోయారు. గోపాలపట్నం నుంచి మా చెల్లెలు పిల్లల్ని బండి మీద వేసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. మా కమిటీ మీటింగుల్లో టీ, సమోసాలతో పాటు ఎజెండా కూడా కనిపించడం ఆ తర్వాతే.

కుర్రాడి సంగతి ఎత్తకుండా, “క్యారేజీ సున్నాకి కాదు, నియర్ మిస్ కార్డులకి ఇవ్వండి” అన్నాను. దెబ్బ తగలకుండా తప్పిపోయినవి రాసి పెట్టెలో వేసే కార్డులవి. “అంటే మన పరువు మనమే తీసుకోవాలా?” అని హెచ్‌ఆర్ ఆయన నవ్వారు. మినిట్స్‌లో నా మాట లేదు. ‘సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారు’ అని ఉంది. గొడవేమీ పడలేదు, సంతకం పెట్టలేదంతే. రెండు రోజులు ఫోన్లు వచ్చాయి. మూడో రోజు నా మాట చేర్చిన కాగితం వచ్చింది.

తర్వాతి మీటింగులో పని జరిగింది సేఫ్టీ ఆఫీసర్ గారి వల్ల. అసలు మాట్లాడని మనిషి. స్టోర్స్ లెక్క తీసి బల్ల మీద పెట్టారు. ఏడాదిలో కాలిన గాయాల మందు ట్యూబులు పద్నాలుగు ఖర్చు, రిజిస్టర్లో కాలిన కేసులు సున్నా. కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

బోర్డు దించారు. కమిటీలో కాంట్రాక్టు వాళ్ల నుంచి ఒకరు ఉండాలన్నది మాత్రం సగమే గెలిచాం. “మా రోల్ మీద లేరు” అని సభ్యత్వం ఇవ్వలేదు. ప్రత్యేక ఆహ్వానితుడని ఒక కుర్చీ వేశారు, అదీ తలుపు పక్కన.

మొదటి నెల మూడు కార్డులొచ్చాయి. మూడో నెల నలభై ఒకటి. అందులో ఒకటి, పేరు లేకుండా: ‘కాస్టిక్ దగ్గర షవర్ పని చెయ్యదు’. వెళ్లి గొలుసు లాగాను. గొట్టంలో గరగర, తర్వాత గుప్పెడు తుప్పునీళ్లు.

కుర్రాడు అప్పటికే ఇంకో సైటుకి మారిపోయాడు. ఫోన్ చేశాను.

“లాగేనన్నా, నీళ్లు రానేదు.”

“మరి ఆ రోజే చెప్పొచ్చు కదరా?”

“నువ్వు తిట్టినావు గానీ అడగనేదు కదన్నా.”