కాంటెస్సాకి గేరు బాక్సు ఎక్కించాం

మొత్తానికి నిన్న సాయంత్రం నాన్నగారి కాంటెస్సా కారు మళ్ళీ రోడ్డెక్కిందండీ. 1.8 ఇసుజు ఇంజను, ఐదు గేర్ల బండి. సెకండ్ గేరు వేస్తే కరకరమనేది, సింక్రో రింగులు అరిగిపోయాయి, గేర్లు కలిసేముందు రెండిటి స్పీడూ సమానం చేసేవి అవే కదా. 2002లోనే తయారీ ఆగిపోయిన బండికి రింగులు వెతకడం మాటలు కాదు, దొరికాక బేరింగులూ సీళ్ళూ కూడా కొత్తవే వేయించాం.

అసలు కష్టం ఎక్కించడంలోనే. అమలాపురం దగ్గర మా కొబ్బరితోటలో షెడ్డు, ఇక్కడి తేమకి బోల్టులన్నీ తుప్పే, రాత్రంతా డీజిల్లో నానితేగానీ కదల్లేదు. తీరా బాక్సు ఎత్తితే దాని ముందుండే షాఫ్టు క్లచ్ ప్లేటులోకి దూరట్లేదు, బోల్టులు బిగించి లాగేద్దామని నేనంటే మేస్త్రీ "వద్దు బాబూ, హౌసింగ్ చెవి విరిగిపోద్ది, ప్లేటు సెంటర్ తప్పింది" అన్నాడు, కరెక్టే. పాత షాఫ్టు ముక్క పెట్టి ప్లేటు సెంటర్ చేసి, దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు బిగించాక బాక్సు జాకీ మీంచి దానంతటదే జారి కూర్చుంది, ఆ టక్ మన్న శబ్దం ఎంత బావుందో!

వెనక చక్రాల వైపు తిప్పుడు తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు బిగించి, ఆయిల్ పోసి, కాలవ గట్టు మీద కొత్తపేట దాకా వెళ్ళొచ్చాం. సెకండ్ గేరు మెత్తగా పడింది. నాన్నగారు ఏమీ అనలేదు, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఆయనే తీసుకున్నారు.